బలభార మీమాంస: మార్జాల ప్రకరణంతో సహా

ఈ శాస్త్రానికి మూలగ్రంథం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ద్రష్టలు దీన్ని లోకానికి ప్రసాదించారు. ఆడేవాళ్లు బల్ల చుట్టూ చేరి, పాచికలు దొర్లించి, కాసేపు యోధులూ మంత్రగాళ్లూ అయిపోతారు. అసలు పద్ధతిలో మూడు పాచికలు వేస్తే వచ్చిన మొత్తమే మీ స్ట్రెంత్. కనిష్ఠం 3, గరిష్ఠం 18. గోదా దిగకుండా, గుడ్లు తాగకుండా కండలు పెంచే మార్గం ఇంతకన్నా సులువైనది ఏ తాలింఖానాలోనూ లేదు.

ఇక సూత్రం. 2014 నాటి అయిదో కూర్పు ప్రకారం స్ట్రెంత్‌ని 15తో గుణిస్తే మోయగల బరువు పౌండ్లలో వస్తుంది. 30తో గుణిస్తే ఎత్తగల, నెట్టగల, ఈడ్వగల బరువు. సామాన్యుడి స్ట్రెంత్ 10. అంటే వాడు 68 కిలోలు వీపున వేసుకుని, నడక వేగం వీసమెత్తు తగ్గకుండా తిరగగలడు. గుర్తుంచుకోండి, ఇది ఊళ్లో దుకాణం పెట్టుకున్న మనిషి సంగతి. వీరుల జోలికి మనమింకా పోలేదు.

పూర్వపక్షం: బలానికీ ఒంటి బరువుకీ ఏదో ఒక లంకె ఉండాలి కదా?

అక్కర్లేదు. సూత్రంలో ఒళ్లు అన్న ఊసే లేదు. హాఫ్లింగ్ అని ఒక పొట్టి జాతి ఉంది. మూడడుగుల ఎత్తు, 18 కిలోల బరువు, అంటే యూకేజీ పిల్లవాడంత. కష్టపడి స్ట్రెంత్ 20కి చేరిన హాఫ్లింగ్ 136 కిలోలు మోస్తూ షికారు చేస్తాడు, 272 కిలోలు ఎత్తుతాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మన కరణం మల్లీశ్వరి క్లీన్ అండ్ జెర్క్‌లో ఎత్తింది 130 కిలోలు. దానికే దేశం పులకించిపోయింది. జార్జియా మహాకాయుడు లాషా తలఖాడ్జే 2021లో పెట్టిన ప్రపంచ రికార్డు 267. యూకేజీ వాడు ఆయన్ని అయిదు కిలోల తేడాతో ఓడించాడు. ఎత్తడమంటే తలమీదికా, మోకాలి దాకానా అన్నది గ్రంథం తేల్చలేదు కాబట్టి రికార్డు ఖాయం చేయడం ప్రస్తుతానికి వాయిదా.

మార్జాల ప్రకరణం ఇంకా గహనం. అదే కూర్పులో పెంపుడు పిల్లికి స్ట్రెంత్ 3. మరీ చిన్న ప్రాణులకు లెక్కలో సగం కోత. అయినా ఎంత తేలిందో చూడండి: పది కిలోల పైమాటే. సోనామసూరి సంచీ ఒకటి వీపున కట్టి పంపితే పిల్లి బజారునుంచి ఇంటికి మామూలు నడకతోనే వస్తుంది. దారిలో పాలు కనపడితే ఏమవుతుందన్నది మరో శాస్త్రం.

రాక్షసుల దగ్గరికొస్తే మూడో కూర్పు మాట వినాలి. మంచు రాక్షసుడి ఎత్తు 15 అడుగులు, బరువు 1,270 కిలోలు. అగ్ని రాక్షసుడి ఎత్తు 12 అడుగులే, బరువు మాత్రం 3,175. ఆరడుగుల, 80 కిలోల మనిషిని అన్ని వైపులా రెట్టింపు చేస్తే 640 కిలోలకు మించడు. మరి మిగిలినదంతా ఎక్కడిది? వాడు బాగా వెడల్పు అంటారు భాష్యకారులు. ఛాతీ చుట్టుకొలత తొమ్మిదడుగులని గ్రంథమే చెప్పింది, నిజమే. ఆ వెడల్పు కలిపినా పన్నెండు వందల కిలోల దగ్గర ఆగిపోతుంది. తక్కిన రెండు వేలూ వాడు ఏం తిన్నాడో వాడికే తెలియాలి.

ఎత్తు రెట్టింపయితే కండ అడ్డుకోత వైశాల్యం నాలుగింతలు, బరువు ఎనిమిదింతలు అవుతుంది. ఈ తిరకాసును గెలీలియో 1638లోనే బయటపెట్టాడు. జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో ఒక వ్యాసంలో కథల్లోని రాక్షసులు అడుగు వేస్తే తొడ ఎముక విరుగుతుందని తేల్చేశాడు. గర్ప్స్ అనే ప్రత్యర్థి ఆట శాఖవారు తమ నాలుగో కూర్పులో మోత లెక్కకు బలాన్ని వర్గం చేసి అయిదుతో భాగించారు. లెక్కలొచ్చినవాళ్లే. ఆటమధ్యలో వర్గాలు కట్టమంటే మాత్రం ఎవరికి సరదా?

ఇప్పుడు సిద్ధాంతం. ఇదంతా భౌతికశాస్త్రం అనుకోవడమే పొరపాటు. తొలి ఆటలో బరువు కొలిచింది పౌండ్లతో కాదు, బంగారు నాణేలతో. మనిషి బరువు 1,750 నాణేలు! గుహలోంచి ఎంత బంగారం బయటికి తెస్తే అంత అనుభవం, అంత పదోన్నతి. కనుక స్ట్రెంత్ అన్నది కండ కాదు, కూలి. ఎంత దోచావన్నది కాదు ప్రశ్న, ఎంత మోసుకొచ్చావన్నదే. పౌండుకు పది నాణేలు, అంటే ఒక్కొక్కటి మన లెక్కలో అయిదున్నర కాసుల పైనే. ఆ నాణెం అంత మందంగా ఉండటం కంసాలి తప్పు కాదు, బరువనే పన్ను వేసేవాడి తెలివి. తరువాతి కూర్పుల్లో అనుభవానికి బంగారంతో ముడి తెగింది. నాణెం పౌండుకు యాభై చొప్పున చిక్కిపోయి కాసుకు కాస్త పైన నిలిచింది. పని పోయిన గుమస్తాలా బరువు సూత్రం పుస్తకంలో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇప్పుడు చాలా బల్లల దగ్గర ఎవరూ బరువు కూడరు. కూడితే గిడ్డంగి లెక్కలా ఉంటుందని ఆట నడిపే డంజన్ మాస్టర్లే చూసీచూడనట్టు వదిలేస్తారు.

పన్ను ఉన్నచోట ఎగవేత ఉండక తప్పదు. దాని పేరు బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్. 2014 కూర్పులో, లోపల 500 పౌండ్లు పెట్టినా సంచీ బరువు 15 పౌండ్లే. పిల్లి చేత బియ్యం మోయించినప్పుడు, రాక్షసుడికి రెండు టన్నులు ఉచితంగా ఇచ్చినప్పుడు కిమ్మనని శాస్త్రకారులు ఇక్కడ మాత్రం కళ్లెర్రజేశారు. ఈ సంచీని తీసుకెళ్లి అలాంటిదే మరో మాయవస్తువులో దాచారో, రెండూ అక్కడికక్కడే నాశనం. అంతటితో వదలరు. అక్కడ వేరే లోకానికి ద్వారం తెరుచుకుని, పదడుగుల లోపు ఉన్నవాళ్లందరినీ లోపలికి లాగేసుకుంటుంది. 18 కిలోలవాళ్లయినా, 3,175 కిలోలవాళ్లయినా.