"నేల మాత్రము స్వల్ప మరమ్మతు": సటీకాతాత్పర్యము

మూలము: "మైపాడు దారిలో, సముద్రమునకు సమీపమున, మిక్కిలి గట్టిదగు పాత యిల్లు అమ్మకమునకు గలదు. నేల మాత్రము స్వల్ప మరమ్మతు కోరుచున్నది. చూచినవారు విడువరు."

టీక: పాత, గట్టి, ఇల్లు అను పదములు సులభములు గాన విడువబడినవి. "సముద్రమునకు సమీపమున" అనుట గ్రంథకర్త వినయము. గంగయందు గొల్లపల్లె యన్నచో నీటిమీద పల్లె పొసగదు గావున, ముఖ్యార్థమునకు బాధ కలిగి లక్షణచే గట్టను అర్థము వచ్చునని ఆలంకారికులు వ్రాసిరి. 1989 నవంబరులో కావలి యొద్ద తీరము దాటిన తుపాను నెఱిగిన నెల్లూరివారికి "సముద్రమందు ఇల్లు" అన్నను ముఖ్యార్థమే చాలును.

"కోరుచున్నది": అచేతనమగు నేలకు కోరిక చెప్పుటచే సమాసోక్తి. నేలయే నాయిక. సాత్త్వికభావము లెనిమిదింటిలో, వానకాలపు చెమ్మ స్వేదము. ఉప్పు పైకుబికి తెల్లగా పూయుట వైవర్ణ్యము. క్రింద పందికొక్కులు తవ్వగా కాలు మోపినచోటనెల్ల కడపబండ ఊగుట వేపథువు. తట్టినచో డొల్లగా మ్రోగుట స్వరభంగము. ప్రళయము మాత్రము కొనువానికై మిగిల్చబడినది.

అనపేక్షితము చెప్పనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ. నాకట్టి నిర్బంధము లేదు గనుక గచ్చును గూర్చి రెండు మాటలు. పులికాటు సరస్సు గుల్లను కాల్చి, ఆ సున్నమును ఇసుకతో గానుగలో ఆడించి, కరక్కాయయు బెల్లమును నానిన నీటితో తడిపి, కూలీలు వరుసగా కూర్చుండి చెక్కలతో దినముల తరబడి కొట్టి, తుదకు నున్నని రాతితో మెఱుగుపెట్టిన గచ్చు, భూమినుండి ఎక్కు చెమ్మను లోన బిగబట్టక విడిచిపెట్టెడిది. మండువేసవి మధ్యాహ్నము దానిమీద ఒరిగినవానికి చాపతో పని లేదు. అట్టి గచ్చుపై తరువాతివారు సిమెంటు పూసిరి. దారిలేని చెమ్మ ఉప్పును మోసికొనివచ్చి పూత క్రిందనే పేర్చినది. పూత పెచ్చులై లేచినది. నేరము గచ్చుపై పడినది!

ప్రకృతమునకు వత్తము. "స్వల్ప": నడింటిలో మంచపుకోడు దిగబడునంత గుంటకు ఈ విశేషణము చెల్లునా? పోనీ, కంటబడిన గుంట మేలు. అమ్మకమునకు ముందు వారము ఎఱ్ఱసిమెంటు పలుచగా పూయించి, పైన చాప పఱచి, దానిమీదనే బేరమాడ వచ్చినవారిని కూర్చుండబెట్టి కాఫీ ఇచ్చు మర్యాద యున్నదే, అది సహింపరానిది. కొనువాడు సామాన్యజాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యలోపమును, ఎఱిగిన అమ్మువాడు చెప్పితీరవలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 55వ సెక్షను విధించుచున్నది. పగిలిన నేల తన సంగతి తానే చెప్పుకొనును. పూత వేసిననాడే అది దాచిన లోపమగును. పూతకైన ఖర్చును ధరలో తగ్గించి, బండ నొకదానిని గడ్డపారతో లేపి చూపి అమ్మిన నష్టమేమి?

తాత్పర్యము: "విడువరు" సకర్మకక్రియ, కర్మ మూలమున చెప్పబడలేదు. ఇంటినే విడువరని మధ్యవర్తి అన్వయము. రిజిస్ట్రేషను ముగిసి, కార్తీకపు వానలకు పూత లేచిన పిదప, ఆ కర్మ మధ్యవర్తియే యని కొన్నవారి పాఠము.