గ్యాసే, తగ్గుతుంది: ఒక గృహ్యసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “గ్యాసే. కాస్త వాము నమిలి, గ్లాసుడు మజ్జిగ తాగు, తగ్గుతుంది.”

అవతారిక: భోజనానంతరం కడుపుబ్బరం, పులితేన్పులు, పొట్టలో గుడగుడ మొదలైన ఉపద్రవాలు ఒక పూటతో పోక నెలల తరబడి మళ్ళీ మళ్ళీ వస్తుండగా, బాధితుడు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి పొట్ట నిమురుకొనగా, ఇంటి పెద్దావిడ పోపులపెట్టె మూత తీస్తూ అనుగ్రహించిన వాక్యమిది. కర్త ఫలానావారని నిర్ణయించడం అసాధ్యం కనుక దీనిని అపౌరుషేయమనడం సమంజసం. చెప్పేవారిలో పురుషులు బహు తక్కువ కావడం చేత కూడా ఆ పేరు దీనికి చక్కగా అమరుతుంది.

గ్యాసే: గ్యాసు + ఏ, ఉత్వసంధి. ఇక్కడ లోపించింది ఉకారం ఒక్కటే కాదు, రోగపరీక్ష కూడా. ఏకారం అవధారణార్థకం, అనగా ‘ఇదే, మరొకటి కాదు’ అని తేల్చిచెప్పేది. గ్యాసు అనే మాటను ఫ్లెమిష్ రసాయనవేత్త యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మంట్ (1580–1644) గ్రీకు భాషలో ఆదిమ అవ్యవస్థను తెలిపే ‘ఖావోస్’ అనే పదాన్ని బట్టి కల్పించాడు. జీర్ణక్రియను గురించి కూడా ఆలోచించిన ఆ పెద్దమనిషి పెట్టిన పేరు చివరకు తెలుగువారి కడుపులోనే స్థిరపడడం, కడుపులో గడబిడ అనే దేశ్యప్రయోగానికి సరిగ్గా సరిపోవడం విశేషం. ఆయుర్వేదులు ఉబ్బరాన్ని ఆధ్మానమని, గుడగుడతో కూడిన ఉబ్బును ఆటోపమని, గొంతులోకి ఎగదన్నే పులుపును అమ్లపిత్తమని వేరువేరుగా వ్యవహరించగా, గృహ్యసంప్రదాయం వీటన్నింటినీ, వీలైతే నడుము నొప్పిని సైతం, ఒక్క గ్యాసులో సర్దివేసింది. సంక్షిప్తత సూత్రలక్షణమే కాని, ఇంత సంక్షిప్తత వ్యాఖ్యాతకు భయం కలిగిస్తుంది.

వాము: సంస్కృతంలో యవానీ. వాము ఆకు అని పెరట్లో కుండీలలో పెంచే మందపాటి ఆకుల మొక్కకు దీనితో వాసనలోనే చుట్టరికం, వంశంలో లేదు. వాములోని ఘాటుకు ముఖ్యకారణం థైమాల్ అనే పదార్థం; దీనినే స్ఫటికాల రూపంలో వాముపువ్వు అంటారు. వాముపువ్వు, పుదీనాపువ్వు, కర్పూరం అనే మూడు గట్టి పదార్థాలను ఒక సీసాలో వేసి కదిపితే, చుక్క నీరు పోయకుండానే కరిగి ద్రవమైపోతాయి. అమృతధార అనేది ఇదే. శాస్త్రకారులు వామును దీపనమని, పాచనమని అంటారు. దీపనం జఠరాగ్నిని, అంటే అరిగించే శక్తిని, రగిలించేది. పాచనం ఆమాన్ని, అంటే అరగక మిగిలిన దానిని, పక్వం చేసేది.

కాస్త: పరిమాణవాచకం. మూడు వేళ్ళ మధ్య ఇమిడేంత అని సంప్రదాయజ్ఞుల మతం.

నమిలి: క్త్వార్థకం, అనగా ఒక పని ముగిసిన తరువాతనే మరొక పని అని తెలిపే అసమాపక క్రియ. కనుక నమలడం పూర్తి కానిదే మజ్జిగకు అధికారం లేదు. వామును అరచేతిలో పోసి బొటనవేలితో నలిపి, పొట్టు ఊది, రెండు ఉప్పురాళ్ళు చేర్చి దవడకు వేసుకోగా, మొదట చేదు, వెంటనే మంట, తరువాత నాలుక చివర తిమ్మిరి, ఆపైన నోరంతా లాలాజలం కలుగుతాయి. ఈ క్రమాన్ని సహించలేక నీళ్ళతో గుటుక్కున మింగేవారు సూత్రాన్ని అతిక్రమించినవారే. వారికి ఫలశ్రుతి వర్తించదు.

గ్లాసుడు మజ్జిగ: గ్లాసు + ఎడు, ఇంగ్లీషు పాత్రకు తెలుగు కొలత. మజ్జిగ అంటే ఏ మజ్జిగ అనేది పెద్ద వివాదం. 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథకర్త భావమిశ్రుడు నీరు కలపక మీగడతో చిలికినదాన్ని ఘోలమని, మీగడ తీసి చిలికినదాన్ని మథితమని, నాలుగో వంతు నీరు చేరినదాన్ని తక్రమని, సగం నీరు చేరినదాన్ని ఉదశ్విత్తని, వెన్న తీసి బాగా నీరు పోసినదాన్ని ఛచ్ఛికయని విభజించాడు. గ్రహణి అనే దీర్ఘకాలపు అజీర్ణవ్యాధికి చరకుడు తక్రాన్ని ప్రత్యేకంగా మెచ్చుకొన్నాడు కనుక సూత్రాభిప్రాయం తక్రమే. వేసవిలో చుట్టాలు ఎక్కువై ఛచ్ఛికగా పరిణమించడం ఆపద్ధర్మం. పాలచక్కెర అరగనివారికి పాలకంటె మజ్జిగ నయం. తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగాన్ని ముందుగానే ఆమ్లంగా మార్చివేసి ఉంటాయి. అయినా కొందరికి మిగిలిన భాగమే ఉబ్బరానికి చాలు. అట్టివారి విషయంలో మందే వ్యాధిని మోసుకొస్తున్నదని గ్రహించాలి.

పాఠాంతరం: తెలంగాణలో “ఇంత ఓమ నమిలి సల్ల తాగు, తగ్గుతది” అని పాఠం. చల్లకు వచ్చి ముంత దాచిన సామెత అంతటా వాడుకలో ఉండగా, మజ్జిగ పాఠమే శిష్టమని వాదించడం నిలవదు.

పూర్వపక్షం: వాము, మజ్జిగ ఎంతటి మహిమ కలవైనా, నెలల తరబడి కడుపులో మంటతో బాధపడేవానికి ఇవి చాలునా అని ఆక్షేపం. అతడు కారం మానితే చాలునని కొందరి సమాధానం. అది పాతబడింది. అట్టి మంటకు ఒక కారణమైన జీర్ణాశయపు పుండ్లలో అనేకం హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి వల్ల కలుగుతాయని ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ నిరూపించారు. మార్షల్ 1984లో ఆ జీవులను కలిపిన ద్రవాన్ని తానే తాగి పరీక్షించుకొన్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సూక్ష్మజీవిని వదిలించడానికి యాంటీబయాటిక్ మందులే గతి. పోపులపెట్టెకు ఆ అధికారం లేదు. ఈ సూత్రం సరిపడేది పప్పు ఎక్కువైన పూటకే. దానిని ప్రతిరోజూ పారాయణం చేయడం శిష్యుని దోషం.

తగ్గుతుంది: ఈ క్రియకు కర్త లుప్తం. ఏది తగ్గుతుంది? ఉబ్బరమని అధ్యాహారం చేసుకొంటారు. కాని ప్రయత్నం లేకుండానే తగ్గేది ఒంటి బరువైనా, ఒంట్లో రక్తమైనా, లేక మలం నల్లబడినా, ముద్ద గొంతు దిగకపోయినా ఈ వాక్యం అక్కడితో ఆగి, వైద్యుని వాక్యం మొదలుకావాలి. ఛాతీ పట్టేసి, చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినప్పుడు ‘గ్యాసే’ అన్న ఏకారం ప్రాణాంతకం. అప్పుడు వాము నములుతూ కూర్చోవడం కాదు, తక్షణం ఆసుపత్రికి చేర్చడమే విహితం.

తాత్పర్యం: మూలమే తాత్పర్యం కంటె సులభం కనుక ఇక్కడ రాయవలసింది లేదు.

విశేషం: ‘తగ్గుతుంది’ అనే రూపం నిత్యం జరిగేదానికీ, ముందు జరగబోయేదానికీ సమానం కావడం చేత, ఎప్పటిలోగా అన్నది ఎన్నటికీ తేలదు. అయితే కొన్ని ఇళ్ళలో వాక్యం చివర “రెండ్రోజులు చూద్దాం, లేకపోతే డాక్టరు దగ్గరికి పోదాం” అని అధికపాఠం వినబడుతున్నది. ప్రక్షిప్తమని కొట్టివేయడానికి వీల్లేకుండా అర్థం దీనితోనే పూర్తవుతున్నది కనుక, ఇదే ప్రాచీనపాఠమై, మిగిలిన ఇళ్ళలో కాలక్రమాన జారిపోయి ఉంటుందని ఊహించవచ్చు. నోటి నుంచి నోటికి వచ్చే పాఠాలలో చివరి మాటలు రాలిపోవడం వింత కాదు, అందులోనూ చెప్పేవారు వాము నములుతూ చెప్పినప్పుడు.