ఉప్పు కంటికి కనిపించిన రోజులు

మా రోజుల్లో ఇంట్లో ఉప్పు ఎంత ఖర్చవుతోందో అమ్మకు లెక్క తెలిసేది. చినగంజాం కొఠార్ల నుంచి కల్లుప్పు బండి మీద ఊళ్లోకొచ్చేది. కొలిపించుకుని జాడీకెత్తేవాళ్లు. ఆవకాయలో ఎంత, ఊరమిరపకాయల్లో ఎంత, వడియాల పిండిలో ఎంత, అంతా ఆవిడ చేతి మీదుగానే పడేది. ఉప్పు ఎక్కువే తినేవాళ్లం, కాదనను. కానీ తింటున్నామని నాలుక్కి తెలిసేది.

ఇప్పుడో? బ్రెడ్డులో ఉప్పు, బిస్కెట్లో ఉప్పు, సాసులో ఉప్పు. "మేం ఉప్పు బాగా తగ్గించేశాం" అంటూనే కూరలో చిటికెడు తగ్గించి, సాయంత్రం టీ వేళకు మిక్చరు పొట్లం విప్పుతారు. ఆ పొట్లం వెనక్కి తిప్పి చూడరేం? సోడియం ఎన్ని మిల్లీగ్రాములో అక్కడే ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు లెక్క వస్తుంది. 800 అని ఉంటే 2 గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక గులాబీ రంగు ఉప్పుకి వందలు పోసేవాళ్లని చూస్తే కడుపు మండుతుంది. రంగేదైనా అందులో ఉండేదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే.

మా మేనల్లుడిది హైదరాబాద్‌లో ఉద్యోగం. నలభై ఇంకా దాటలేదు. బీపీ 150/100 ఉందని డాక్టరు మాత్ర రాస్తే పదిహేను రోజులు వేసుకుని మానేశాడు. వాళ్లింటికి వెళ్తే భోజనాల బల్ల మీద వరసగా సీసాలు: వెల్లుల్లి గొట్టాలు, చేపనూనె, మెగ్నీషియం, ఇంకేదో వేరు పొడి. వాటి పక్కనే సగం తిన్న చిప్స్ ప్యాకెట్.

"మాత్ర మొదలెడితే జీవితాంతం మింగాలంట మావయ్యా. అందుకే నేచురల్‌గా తగ్గించుకుంటున్నా."

ఒళ్లు మండిపోయింది. ఆ సీసాలు జీవితాంతం కొనక్కర్లేదా? మందు కాదనుకుని మింగేది ఒంట్లో ఏ పనీ చెయ్యకుండా ఊరుకుంటుందా? సర్పగంధ వేరు మన దేశపు వైద్యంలో ఎప్పటి నుంచో ఉంది. అది రక్తపోటు తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఇంగ్లండు వైద్య పత్రికలో రాస్తే ప్రపంచమంతా మన వేరు వైపు తిరిగింది. 1952లో స్విట్జర్లాండు సీబా కంపెనీ వాళ్లు అందులోంచి రిసర్పిన్ తీశారు. పనిచేసింది. కొందరిని దిగులులోకి కూడా నెట్టింది. వేరైనా మాత్రైనా మోతాదు ఉండాల్సిందే, చూసే డాక్టరు ఉండాల్సిందే. దగ్గుకని చప్పరించే అతిమధురం ఎక్కువైతే బీపీ పెంచుతుంది. ఉప్పుకి బదులని అమ్మే పొటాషియం ఉప్పు కిడ్నీ జబ్బున్నవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది, కొన్ని బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకూ ప్రమాదమే. మోకాళ్ల నొప్పులకి కొట్లో అడిగి కొనుక్కునే మాత్రలు కూడా బీపీ పెంచుతాయి. ఈ సంగతులు వాట్సాప్‌లో ఎవరూ పంపరు.

తిండితో బీపీ తగ్గదని కాదు నేననేది. బాగా తగ్గుతుంది. 1997లో అమెరికాలో డాష్ అనే ఆహార పద్ధతిని పరీక్షిస్తే, బీపీ ఉన్నవాళ్లలో 8 వారాల్లోనే పై అంకె 11 పాయింట్ల దాకా తగ్గింది. ఏం పెట్టారు వాళ్లకి? కూరగాయలు, పళ్లు, గింజలు, వెన్న తీసిన పాలూ పెరుగూ. మన తోటకూర పప్పు, అరటిపండు, ఉలవలు, జొన్నరొట్టె, చిలికి వెన్న తీసిన మజ్జిగ ఆ వరసలోవే కదా! చేతిలో ఉన్నదాన్ని వదిలేసి సీసాల వెంట పడతారెందుకు? బరువు కిలో తగ్గితే పై అంకె ఒకటి తగ్గుతుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. మేం పొలానికి నడిచాం, బడికి నడిచాం, సంతకి నడిచాం. వీళ్లు రెండో అంతస్తుకి లిఫ్టు కోసం నిలబడతారు. మేం తొమ్మిదింటికి నిద్రపోయేవాళ్లం, వీళ్లు ఒంటిగంటకి ఫోను పక్కన పెడతారు.

అయినా మా కాలమంతా బంగారమని అబద్ధమాడను. మా పెదనాన్న కాలవ గట్టు మీద కుప్పకూలి, కుడిచెయ్యి పడిపోతే, గాలి సోకిందని మంత్రం వేయించారు. ఆయన బీపీ ఎంతో ఒక్కసారి కూడా ఎవరూ చూడలేదు. చూసే పరికరం మా చుట్టుపక్కల ఊళ్లలో లేదు. ఇప్పుడు ఇంటింటా మిషనుంది, మంచి మాత్రలున్నాయి. ఇవన్నీ ఉండి కూడా కుర్రాళ్లు పక్షవాతంతో మంచాన పడుతుంటే నాకు నిద్ర పట్టదు.

ఆ మిషనైనా సరిగ్గా వాడరు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, కాఫీ తాగుతూ, కాలు మీద కాలేసుకుని పట్టీ కట్టుకుంటారు. మావాణ్ణి కూర్చోబెట్టి చూపించాను. అరగంట ముందు నుంచీ కాఫీ, సిగరెట్ ఉండకూడదు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. అప్పుడు నొక్కాలి బటను.

వాడు డాక్టరు దగ్గరికి వెళ్లి మాత్ర మళ్లీ మొదలెట్టాడు. పొద్దునా సాయంత్రం అంకెలు పుస్తకంలో రాస్తున్నాడు. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది ఆ పుస్తకం చూసి డాక్టరు చెబుతాడు. నడక కూడా మొదలుపెట్టాడు గానీ, అర కిలోమీటరు లేని పార్కుకి కారేసుకుని వెళ్తున్నాడు. అదొక్కటీ నాకు మింగుడు పడటం లేదు.