బుగ్గలో జామకాయ

పొద్దున్నే పాలప్యాకెట్లు తెచ్చే పిల్లాడు తలుపు దగ్గర నన్ను చూసి ఆగిపోయాడు. "సార్, పొద్దుగాల్నే జామకాయ నములుతున్నరా?"

నేను ఏమీ నమలడం లేదు. వెళ్లి అద్దంలో చూసుకుంటే కుడి బుగ్గ నాదే. ఎడమది ఎవరిదో. దవడ మూల నుంచి చెవి కింద దాకా నున్నగా, బిగువుగా ఉబ్బి ఉంది. ముట్టుకుంటే వేడి.

మేడ్చల్‌లో కాలుకు దెబ్బ తగిలితే ఎవరూ పట్టించుకోరు. బుగ్గ వాచిందంటే మాత్రం ఊళ్లో సగం మంది డాక్టర్లే. ముందుగా వచ్చింది పక్కింటి ఆంటీ. చూసీ చూడగానే తేల్చేసింది: "గవదబిళ్లలు బాబూ! మెడల బంగారు గొలుసు ఏస్కో." తన గొలుసు ఇస్తుందేమోనని చూశాను. ఆమె మా ఆవిడ మెడ వంక చూసింది. ఆ రకంగా నలభై రెండేళ్ల వయసులో, రెండు తులాల నల్లపూసలు లేని గొలుసుతో, చొక్కా పైగుండీ బిగించుకుని నేను శామీర్‌పేటకు డ్యూటీకి బయల్దేరాను. దారి పొడుగునా పంటి నొప్పి కన్నా గొలుసు భయమే ఎక్కువ.

షేర్ ఆటోలో డ్రైవరన్న లవంగం పెట్టమన్నాడు. వెనక కూర్చున్న పెద్దాయన లవంగం దండగ, తంబాకు నొక్కిపెట్టమన్నాడు. ఔటర్ సర్వీసు రోడ్డు దాటేలోపు వాళ్లిద్దరికీ మాటామాటా పెరిగింది. నా బుగ్గను ఇద్దరూ మరిచిపోయారు. దిగి మందుల షాపుకెళితే అతను అద్దాల బల్ల మీంచి తలెత్తకుండానే మూడు రంగుల గోలీలు కత్తెరతో కత్తిరించి కాగితంలో చుట్టాడు. ఆ కత్తిరింపు ఒక కళ. పేరూ ఉండదు, గడువు తేదీ కూడా ఉండదు, గోలీ మాత్రం మిగులుతుంది.

ఆఫీసులో ఒకాయన ఫోన్లో చదివి వచ్చాడు. లాలాజల గ్రంథి గొట్టంలో రాయి పడితే తినేటప్పుడు, ముఖ్యంగా పులుపు తగిలితే వాపు పెరుగుతుందట. మాట నిజమేనని తర్వాత తెలిసింది. కానీ పరీక్ష పేరుతో నా ముందు మామిడికాయ పచ్చడి సీసా మూత తీసి పట్టుకుని, నా బుగ్గనే రెప్పవాల్చకుండా చూస్తూ కూర్చోవడం ఏం వైద్యమో! ఇంకొకాయనకు ఏ రోగం విన్నా గుండె దగ్గరే ఆగే అలవాటు. "దవడ నొప్పి అంటే తేలిగ్గ తీస్కోకు తమ్మీ. మా మేనమామకు గట్లనే..." అన్నాడు. ఆ తర్వాత నాకు అన్నం దిగలేదు. దిగనివ్వడానికి నోరు కూడా తెరుచుకోవడం లేదు. ఇడ్లీని నాలుగు ముక్కలు చేసినా ముక్క పళ్ల దగ్గరే ఆగుతోంది.

సాయంత్రం మేడ్చల్‌లో పంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె అన్న మొదటి మాట: "నోరు తెరవండి."

పొద్దుట్నుంచీ నా బుగ్గ మీద ఎన్ని నోళ్లు తెరుచుకున్నాయో లెక్కలేదు. నా నోరు తెరవమన్నది మాత్రం ఈమె ఒక్కతే. మామూలుగా మూడు వేళ్లు నిలువునా పట్టాలట. నాకు ఒక వేలు పట్టింది, అదీ చిటికెన వేలు.

తర్వాత వరసగా ప్రశ్నలు. మింగడం కష్టంగా ఉందా? నాలుక కింద గట్టిపడిందా? గొంతు మారిందా? ఊపిరాడడం కష్టంగా ఉందా? జ్వరం? ఏవీ లేవని చెప్పాక ఆమె ముఖం తేలికపడింది. పంటి చీము దవడ కిందికి, నాలుక అడుగుకు రెండు పక్కలా పాకితే నాలుక పైకి తోసుకొచ్చి ఊపిరికే అడ్డం పడుతుందట. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు దాని గురించి రాశాడు కాబట్టి లుడ్విగ్ యాంజైనా అంటారని చెప్పింది. యాంజైనా అన్న మాట వినగానే మా గుండె సహోద్యోగి గెలిచాడనుకున్నాను.

"దానికీ గుండెకూ సంబంధం లేదండీ. అలాంటి వాపు వస్తే అర్ధరాత్రయినా సరే, నా దగ్గరికి కాదు, నోరూ దవడల సర్జన్లున్న పెద్దాసుపత్రికి పరుగెత్తాలి."

"మరి గుండె?"

"గుండె దవడను నొప్పి పెట్టగలదు గానీ వాపించలేదు. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసంతో దవడ లాగితే 108కి కొట్టండి."

108 అంటే మనకు కొత్తేం కాదు. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సర్వీసు నడిపే ఈఎంఆర్ఐ ప్రాంగణం మన మేడ్చల్ రోడ్డు మీదే, దేవరయాంజాల్ దగ్గరుంది. రోజూ దాని ముందు నుంచే వెళుతూ, ఆ నంబరు అవసరమయ్యేది ఇతరులకే అనుకుంటాం.

ఎక్స్‌రే యంత్రం నా తల చుట్టూ భక్తిగా ఒక ప్రదక్షిణ చేసింది. ఫిల్ములో దొరికాడు దొంగ. పదిహేడు, పాతికేళ్ల మధ్య రావలసిన జ్ఞానదంతం పక్క పంటికి ఆనుకుని, అడ్డంగా, భోజనం తర్వాత మా సెక్షన్లో మనుషుల్లా పడుకుని ఉంది. దాని మీద సగం కప్పిన చిగురు కింద తిండి ఇరుక్కుని చీము పట్టిందట. ఆమె ఆ చిగురు కింద కడిగింది. అప్పుడు నాకు తెలిసిన దేవుళ్లందరూ వరసగా వచ్చి వెళ్లారు. ఉప్పునీళ్లు పుక్కిలించమంది, బయట వేడి కాపడం వద్దంది. నా జేబులోని మూడు రంగుల పొట్లం చూసి, ఏమీ అనకుండా చెత్తబుట్ట చూపించింది. వేరే మందు రాసి, మందుతో వాపు తగ్గినా కారణం లోపలే ఉంటుందనీ, తగ్గాక పన్ను తీయాల్సిందేననీ చెప్పింది. ఖర్చు వినగానే వాచని బుగ్గ కూడా పాలిపోయిందేమో, సూరారంలో దంత వైద్య కళాశాల ఉందనీ, అఫ్జల్‌గంజ్‌లో 1959 నాటి సర్కారీ దంత ఆసుపత్రి ఉండనే ఉందనీ తనే చెప్పింది.

పది రోజులకు పన్ను తీశారు. "జ్ఞానం పోయింది" జోకు ఆఫీసులో పదకొండు మంది వేశారు. పదకొండోవాడికీ నవ్వాను. కుట్లు లాగాయి.

మొన్న పక్కింటి ఆంటీ వచ్చింది. మనవడికి చెవుల కింద రెండు పక్కలా వాచిందట. సర్కారు దవాఖానలో చూపిస్తే ఈసారి నిజంగానే గవదబిళ్లలట. వైరస్సు, విశ్రాంతి ఇవ్వాలి, బడికి పంపొద్దు అన్నారట. అదంతా చెప్పి కూడా ఆమె లేవలేదు.

"గా గొలుసు ఒక్క వారం ఇస్తవా బిడ్డా?" అంది మా ఆవిడతో. "మీ ఆయనకు ఎంత తొందరగ తగ్గింది! దాని హస్తవాసి మంచిగుంది."