రబ్బరు రోళ్ల లెక్క

మధురపూడిలో విమానమెక్కి గంటలో హైదరాబాద్‌లో దిగే కుర్రాళ్లని చూస్తే నాకు సంతోషమే. కానీ ఆ విమానం ఎన్నిసార్లు ఎగిరి దిగిందో, ఇంజన్లో ఫలానా భాగం ఇంకా ఎన్ని ప్రయాణాలకు పనికొస్తుందో, దాన్ని ఎవరు బిగించి ఎవరు సంతకం పెట్టారో ఒక లెక్క ఉంటుందని వాళ్లలో ఎందరికి తెలుసు? ఆ లెక్క తేలకపోతే విమానం నేల వదలకూడదు.

మా రోజుల్లో అలాంటి లెక్క రైసుమిల్లులో ఉండేది. తణుకు పక్కన నేను గుమస్తాగా చేసిన మిల్లులో వడ్ల పొట్టు తీసే షెల్లరుకి కొత్త రబ్బరు రోళ్లు బిగించగానే మిల్లు డ్రైవరు అట్ట పుస్తకంలో తేదీ వేసేవాడు. ఆ రోజు నుంచి ఆడిన బస్తాలన్నీ ఆ తేదీ కిందే పడేవి. బియ్యంలో వడ్లు మిగులుతున్నాయంటే ముందు పుస్తకం తిరగేసేవాడు, తర్వాతే స్పానరు పట్టేవాడు. బేరింగు ఏ కొట్లో కొన్నదీ, ఎవరు మార్చిందీ నూనె మరకల మధ్య స్పష్టంగా ఉండేది. మాసూళ్ల రోజుల్లో మిల్లు ఒక్క పూట ఆగితే వీధి చివరిదాకా బళ్లు నిలిచిపోయేవి మరి.

ఇప్పుడు మిల్లులో కంప్యూటరుంది. అందులో జీఎస్టీ ఉంది, వేబిల్లులున్నాయి. రోళ్ల లెక్క మాత్రం లేదు. పాత పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి తూకానికి వేసేశారు. అది నా కళ్లముందే జరిగింది, ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మిల్లు లెక్క నుంచి విమానాల లెక్కదాకా వెళ్లిన ఇల్లు కూడా ఒకటుంది. తమిళనాడులో రాజపాళయం అనే ఊరుంది. అక్కడి రాజులు ఎప్పుడో మన తెలుగునేల నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు. ఆ ఊళ్లోనే పి.ఎ.సి. రామసామి రాజా 1930ల్లో నూలుమిల్లు పెట్టారు. తర్వాత ఆ కుటుంబం సిమెంటులోకి వెళ్లింది. ఆయన మనవడు వెంకట్రామ రాజా 1990ల్లో చెన్నైలో రామ్‌కో సిస్టమ్స్ నడిపించారు. మొదట ఫ్యాక్టరీల లెక్కలకి, తర్వాత విమానాల మరమ్మతులకి సాఫ్ట్‌వేరు చేశారు. ఇవాళ విదేశాల్లో విమాన కంపెనీలు, హెలికాప్టర్ల కంపెనీలు దాన్ని వాడుతున్నాయి. కదురు ఆగితే ఎంత నష్టమో తెలిసిన ఇంట్లోంచే అలాంటి సాఫ్ట్‌వేరు వస్తుందని నా గట్టి నమ్మకం.

మరి మన భీమవరం, తాడేపల్లిగూడెం, మండపేట మిల్లుల మనవళ్లేరీ? బెంగళూరులో, డల్లాస్‌లో పరాయి కంపెనీలకి కోడు రాస్తున్నారు. తెలివిలో ఎవరికీ తీసిపోరు. కానీ తాత మిల్లు ఎలా ఆడేదో ఒక్కసారీ అడగలేదు. మా రోజుల్లో కాలేజీ సెలవులిస్తే కొడుకు తండ్రి పక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. ఇప్పుడు సంక్రాంతికొచ్చి, కోడిపందేల బరి దగ్గర వీడియోలు తీసుకుని, కనుమ దాటగానే రైలెక్కేస్తున్నారు.

ఇంజను చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పగల డ్రైవర్లు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు. వచ్చే పండక్కి వచ్చినప్పుడు ఒక్క పూట వాళ్ల దగ్గర కూర్చోండి నాయనా. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.