పచ్చికట్టె పొగ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడి వెళ్లాక ఊళ్లో కరెంటు లేదు, నీళ్లు లేవు, పాలు లేవు. కట్టెలకు మాత్రం కొదవ లేదు. ఎటు చూసినా కూలిన చెట్లే. వాటిని చూసి మా బావకు ఆలోచన వచ్చింది. తుపాను వస్తుంటే పోర్టులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. బావ ఆలోచనలకు ఆ సదుపాయం లేదు.

ఫ్రిజ్‌లో మటన్ మెత్తబడుతోంది. "పొగబెడితే నెల్రోజులుంటాది" అన్నారు. పెరట్లో పడిన మామిడి కొమ్మ నరికించి, ఇనప డ్రమ్ములో పేర్చి, పైన ముక్కలు వేలాడదీశారు.

"మామిడే ఎందుకు బావా?"

"పండు తియ్యన కదా, పొగా తియ్యగానే ఉంటాది."

కిరసనాయిలు తాగి, పాత పేపర్లు మింగి, కట్టె బుసకొట్టింది గానీ మండలేదు. చివర్లనుంచి నురగ కక్కింది. తెల్లటి పొగ వీధంతా కమ్మేసింది. సెల్‌ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో మా ఇంటి కబురు ఊరికి చేరవేసింది ఆ పొగే. నాయనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏటిరా ఇది? దోమలకా, మనుషులకా?" అంది. సాయంత్రం వీధికుక్క ఒక ముక్క వాసన చూసి, బావ వైపు జాలిగా చూసి వెళ్లిపోయింది.

అప్పుడే నరికిన కట్టె బరువులో ఇంచుమించు సగం నీళ్లే. కిలో నీళ్లు ఆవిరవ్వాలంటే 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి. నిప్పు సంపాదనంతా ఆ నీళ్లకే ఖర్చయిపోతే కట్టె సరిగా కాలదు. సగం కాలిన కట్టెనుంచి వచ్చే తారు మాంసానికి పట్టి చేదెక్కిస్తుంది. తెలిసినవాళ్లు తేమ 20 శాతం లోపుకి దిగిన కట్టెనే వాడతారు. పొగ పల్చగా, నీలంగా రావాలంటారు. పైగా, నిలవ ఉండాలంటే ఉత్త పొగ చాలదు, ముందు ఉప్పు పట్టించాలి. ఎండుచేపలు అమ్మే ఏ జాలరి అమ్మనడిగినా ఉప్పు సంగతే ముందు చెబుతుంది.

ఇంతకీ బావ ఉద్యోగం స్టీల్‌ప్లాంటు కోక్ ఒవెన్లలో! ఓడలో వచ్చిన బొగ్గును కూడా అక్కడ నేరుగా బ్లాస్ట్ ఫర్నేసులో వెయ్యరు. గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల వేడిలో గంటల తరబడి మగ్గబెట్టి, తేమా తారూ వదలగొట్టి, కోక్ చేశాకే పంపుతారు. ఉక్కుకి చేసే మర్యాద మటన్‌కి చెయ్యలేదేమని అడిగితే, "అది డ్యూటీ, ఇది ఇల్లు" అన్నారు.

అలాగని పచ్చికట్టెకి మాంసంతో బొత్తిగా పొసగదని కాదు. అరకులో బొంగు చికెన్ చూడండి. మసాలా పట్టించిన కోడిని పచ్చి వెదురుబొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, మంట మీద పెడతారు. బొంగులో తేమ ఉంది గనకే అది గబుక్కున కాలిపోదు. లోపలి కోడి నూనె చుక్క లేకుండా ఉడుకుతుంది. కింద మండేవి మాత్రం ఎండుకట్టెలే.

కాబట్టి పాఠకులకు మనవి: పచ్చిది గిన్నెగా పనికొస్తుంది, పొయ్యిలోకి పనికిరాదు. నరికిన కట్టెను చీల్చి, వాన తగలని చోట పేర్చి, ఓ వేసవి దాటనివ్వండి. ఈలోగా మటన్ శుభ్రంగా కూర వండుకోండి.