సుబ్బిశెట్టి లేని తిరునాళ్ల

ఒరే అబ్బాయ్, ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టి నా మాట విను. ఈమధ్య మీకందరికీ మనోభావాలు ఊరికే దెబ్బతింటున్నాయి. మాకు మాత్రం లేవా? ఉన్నాయి. దెబ్బతింటే అన్నవాణ్ణి అరుగు మీద కూర్చుని నాలుగు దులిపేవాళ్లం, వాడూ నాలుగు దులిపేవాడు, సాయంత్రానికి ఇద్దరం ఒకే బడ్డీకొట్టు ముందు టీ తాగేవాళ్లం. అర్జీ రాయించుకుని మంత్రుల చుట్టూ తిరగాలని ఎవరికీ తట్టేది కాదు.

నా బాధ చింతామణి గురించి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకం ఎక్కడా ఆడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అందులో సుబ్బిశెట్టి పాత్ర తమ కులాన్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తోందని ఆర్యవైశ్య సంఘాల వాళ్లు అడిగారు, సర్కారు సరేనంది. కాళ్లకూరి నారాయణరావు గారు రాసింది, దాదాపు నూరేళ్లుగా ఊరూరా ఆడుతున్నది, ఒక్క కాగితంతో ఆగిపోయింది. దాన్నే నమ్ముకుని బతికే నాటకాల వాళ్లు రోడ్డెక్కి మొత్తుకున్నారు. మీరు చూశారా? మీకు అసలా నాటకం పేరైనా తెలుసా?

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లంటే మాకు సగం అమ్మవారు, సగం నాటకం. నందిగామ వైపు నుంచి, జగ్గయ్యపేట వైపు నుంచి బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లం. ఎడ్లను విప్పి మేత వేసి, మునేటి ఇసకలో చాపలు పరిచి, పిల్లల్ని ముందు పడుకోబెట్టి, పెద్దవాళ్లు తెల్లారేదాకా కూర్చునేవాళ్లు. పద్యం నచ్చితే వన్స్‌మోర్, నచ్చకపోతే కేకలు. మగవాళ్లే ఆడవేషం కట్టే రోజులవి. నాటకంలోని వేశ్య చింతామణిగా స్థానం నరసింహారావు గారిని చూశానని మా నాన్న చచ్చేదాకా చెప్పుకున్నాడు. స్థానం వారికి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మా నాన్న లెక్కలో అది చాలా చిన్నది. బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి గారు గొప్పా, స్థానం వారు గొప్పా అని ఇంటికొచ్చే దారంతా బండిలో పోట్లాటే. ఇప్పుడు మీరు హీరోల కోసం కొట్టుకుంటారే, అట్లాగే, కాకపోతే మావాళ్లకి పద్యాలన్నీ నోటికొచ్చేవి.

సరే, సుబ్బిశెట్టి దగ్గరికొద్దాం. జగ్గయ్యపేట మొదట్నుంచీ వ్యాపారం ఊరు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తండ్రి పేరు మీద కట్టించిన ఊరది, అంతకుముందు బేతవోలు అనేవాళ్లు. మాకు అరువిచ్చే కొట్టు శెట్టిగారు నాటకం ఉందంటే ముందు వరసలో ఉండేవాడు. సుబ్బిశెట్టి రాగానే పగలబడి నవ్వేవాడు. అది చూసి, ఈ నాటకం వల్ల ఎవరికీ నొప్పి లేదని మేం అనుకునేవాళ్లం.

కానీ శెట్టిగారి అబ్బాయి మా క్లాసే. నాటకం ఆడాక వారం రోజులపాటు పిల్లలు వాణ్ణి సుబ్బిశెట్టి అనే పిలిచేవాళ్లు. వాడు నవ్వేవాడు కాదు. మా తెలుగు మాస్టారు ఒకరోజు విన్నాడు. బెత్తం చేతిలోనే ఉంది, ఎత్తలేదు. చింతామణి ఇంటి చుట్టూ తిరిగి ఇల్లూ ఒళ్లూ గుల్ల చేసుకున్నవాళ్లు ఎంతమందిరా అని అడిగాడు. బిల్వమంగళుడు, భవానీశంకరం, సుబ్బిశెట్టి అని అప్పజెప్పాం. మొదటి ఇద్దరూ బ్రాహ్మలు గదా, మరి మన పంతులుగారి అబ్బాయిని బిల్వమంగళుడా అని ఒక్కడూ పిలవలేదేం? అన్నాడు. క్లాసు నోరు మూతపడింది. ఆ తర్వాత వాణ్ణి ఆ పేరుతో పిలిచినవాడు లేడు.

ఇప్పటి మాస్టారు ఆ మాట అడగగలడా? కులం పేరు నోట్లోంచి వస్తే సాయంత్రానికి ఎవరో ఒకరు వచ్చి బడి గేటు ముందు కూర్చుంటారు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కొట్టడం ఆగడం మంచిదే. చింతబరికె దెబ్బలకి జడిసి బడి మానేసి జీవితమంతా పత్తి చేలో కూలికి పోయినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు, మా రోజులు బంగారమని అంటున్నప్పుడల్లా వాళ్ల మొహాలే నాకు అడ్డమొస్తాయి. కానీ కర్రతోపాటు మాస్టార్ల నోరు కూడా పోయింది. ఎందుకొచ్చిన గొడవని పాఠం చెప్పి వెళ్లిపోతున్నారు. పిల్లలు ఒకర్నొకరు అనుకోవడం ఆగిందా? ఆగలేదు, ఫోన్లలోకి వెళ్లింది. అక్కడ అడిగే మాస్టారు లేడు.

మా రోజుల్లో నిషేధాలే లేవని నేను అబద్ధం చెప్పను. గూడవల్లి రామబ్రహ్మం గారి రైతుబిడ్డ 1939లో వస్తే జమీందార్లకి కోపమొచ్చి, దొరల ప్రభుత్వం సినిమాని ఆపింది. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి మాభూమి నాటకం రాస్తే, నైజాం సరిహద్దుకి ఆనుకున్న మా మెట్ట ఊళ్లలో జనం విరగబడి చూశారట. మద్రాసు ప్రభుత్వం దాన్నీ నిషేధించింది. అప్పుడు ఆపమన్నది పైన కూర్చున్నవాళ్లు, ఆడించమని అడిగింది జనం. ఇప్పుడు జనమే వెళ్లి ఆపండయ్యా అని అడుగుతున్నారు. అదిరా నాకు మింగుడుపడనిది. 2019లో వాల్మీకి అన్న సినిమా పేరుకి బోయవాళ్లు అభ్యంతరం చెబితే, విడుదలకి ముందే అది గద్దలకొండ గణేష్ అయింది. రేపు కన్యాశుల్కంలో గిరీశం మమ్మల్ని కించపరిచాడని ఇంకొకరు లేస్తే ఆ నాటకం గతేంటి?

ఆర్యవైశ్యుల కోపంలో న్యాయం లేదనను. కాళ్లకూరి వారు వరవిక్రయం కూడా రాసిన మనిషి, కట్నాలనీ వేశ్యావ్యసనాన్నీ తిట్టడానికి కలం పట్టినవాడు. తర్వాత వచ్చిన కొన్ని నాటక సమాజాల వాళ్లు ఈలల కోసం సుబ్బిశెట్టి నోట్లో బూతులు కూరారు, పద్యం తగ్గి వెకిలితనం పెరిగింది. ఆడపిల్లల్ని తీసుకెళ్లలేని స్థితి వచ్చింది. ఆ బూతులు తీసేయమని అడగాల్సింది, మూలం ప్రకారమే ఆడాలని షరతు పెట్టాల్సింది. అది కష్టమైన పని, ఎవరో ఒకరు కూర్చుని పుస్తకం చదవాలి గదా. మొత్తం ఆపేయడం తేలిక.

నువ్వు ముందా పుస్తకం తెచ్చి చదువు. సుబ్బిశెట్టి పోగొట్టుకున్నది ముఖ్యంగా డబ్బు. బిల్వమంగళుడు ఇల్లూ, ఇల్లాలూ, పరువూ అన్నీ పోగొట్టుకున్నాడు. రచయిత ఎవర్ని ఎక్కువ చావగొట్టాడో నాకు చెప్పు. చదివాక కూడా ఆపాల్సిందేనంటే వాదనకి రా. ఎంత రాత్రయినా ఫర్వాలేదు, నాకెట్లాగూ నిద్ర పట్టదు.